కనికరం న్యాయానికి అడ్డు కాదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

క్రైస్తవుల దేవుడు క్షమించేవాడా, శిక్షించేవాడా అని ప్రశ్నిస్తూ విజయవాడ పాఠకుడొకరు రాసిన లేఖను మీరు ఇటీవల ప్రచురించారు. పదిమందిని మోసం చేసి కొంపలు కూల్చినవాడు ఒక ఆదివారం మందిరంలో కన్నీళ్లు పెట్టుకుని తాను మారానని సాక్ష్యం చెబితే సరిపోతుందా, సరిపోతే ఆ దేవుడిలో న్యాయం ఎక్కడుంది, సరిపోదంటే కృప అన్న మాటకు అర్థమేమిటి అన్నది ఆయన ప్రశ్న. అందులో కొంత కోపం ఉంది, ఆ కోపానికి కారణమూ ఉంది. నేను గుంటూరు కోర్టుల్లో బెంచి గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. 1842లో అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ ఈ ఊరికి వచ్చి మొదలుపెట్టిన లూథరన్ సంఘంలో పుట్టి పెరిగినవాణ్ణి. వారమంతా తీర్పులు చెప్పే చోట, ఆదివారం పాపక్షమాపణ ప్రకటించే చోట గడిపిన మనిషిగా ఆ ప్రశ్నకు జవాబు రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను. లేఖ కొంత పొడవైనా ప్రచురించవలసిందిగా మనవి.

పాత నిబంధనలోని దేవుడు కోపిష్ఠి, కొత్త నిబంధనలోని దేవుడు దయామయుడు అని మనవాళ్లు చాలామంది అలవాటుగా అంటుంటారు. కొందరు బోధకుల నోట కూడా ఈ మాట విన్నాను. బైబిలు చదివితే ఈ మాట నిలవదు. ఇశ్రాయేలీయులు బంగారు దూడను చేసుకుని మొక్కిన తరువాత, సీనాయి కొండమీద మోషే ఎదుట దేవుడు తానెలాంటివాడో తానే ప్రకటించుకున్న సందర్భం నిర్గమకాండము 34వ అధ్యాయంలో ఉంది. కనికరము, దయ, దీర్ఘశాంతము గలవాడినని, వేయి వేలమందికి కృప చూపుతూ దోషాన్ని, అపరాధాన్ని, పాపాన్ని క్షమించేవాడినని చెప్పిన ఆ నోటనే, దోషులను ఏమాత్రమూ నిర్దోషులుగా ఎంచనని కూడా ఆయన అన్నాడు. ఈ రెండు మాటల మధ్య ‘కొన్నిసార్లు ఇది, కొన్నిసార్లు అది’ అన్న విభజన లేదు. కొత్త నిబంధనకు వస్తే, ఆకలిగొన్నవానికి అన్నం పెట్టనివారిని ఎడమ వైపు నిలబెట్టే కడవరి తీర్పు గురించి చెప్పింది స్వయంగా యేసే. కాబట్టి దేవుడి దయ ఒక గ్రంథంలోనూ ఆయన న్యాయం మరొక గ్రంథంలోనూ లేవు. రెండూ ఒకరిలోనే, ఒకే సమయంలో ఉన్నాయన్నదే క్రైస్తవ విశ్వాసం.

అదెలా సాధ్యమన్న ప్రశ్నను సంఘ చరిత్రలో పెద్దవాళ్లెందరో ఎదుర్కొన్నారు. నాకు అన్నిటికన్నా సూటిగా అనిపించింది 13వ శతాబ్దపు థామస్ అక్వినాస్ ఇచ్చిన సమాధానం. నూరు నాణేలు బాకీ ఉన్నవాడు తన సొంత సొమ్ములోంచి మరో నూరు కలిపి రెండు వందలు ఇస్తే అతను న్యాయం తప్పినట్టు కాదు, ఉదారంగా ప్రవర్తించినట్టు. తనకు జరిగిన అపరాధాన్ని క్షమించినవాడూ అంతే అని ఆయన వివరించాడు. ఇందులో ‘తన సొంత సొమ్ములోంచి’ అన్నది ప్రాణం వంటి మాట. తన జేబులోంచి తీసి ఇచ్చేది దయ. పక్కవాడి జేబులోంచి తీసి ఇచ్చేది దయ కాదు, దానికి పెట్టవలసిన పేరు వేరే ఉంది. ఈ తేడా పట్టుకోకపోవడం వల్లనే మన సంఘాల్లో దేవుడి కృప పేరుతో అన్యాయాలు జరుగుతున్నాయని నా అభిప్రాయం.

కోర్టు ఉద్యోగంలో నేను చూసినవాటిలో ఐపీ పిటిషన్లు, అంటే దివాలా దరఖాస్తులు, ఎక్కువ. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ‘ఐపీ పెట్టాడు’ అన్న మాట తెలియనివారుండరు. అప్పులు తీర్చలేనని మనిషి కోర్టుకు మొరపెట్టుకుంటే, ఆ భారం నుంచి అతన్ని విడిపించే వీలు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టంలో ఉంది. అది చట్టంలో ఉన్న దయ. అయితే ఆ దయ కోరేవాడు తానెవరెవరికి ఎంతెంత బాకీయో జాబితా రాసి ఇవ్వాలి, తనకున్న ఆస్తి అంతా చూపాలి, పైగా మోసం చేసి తెచ్చిన అప్పు అయితే విడుదల ఉత్తర్వు వచ్చినా అది రద్దు కాదు. మానవ చట్టమే ఇంత జాగ్రత్త పడుతుంటే, దేవుడి కృప అప్పులవాళ్ల పేర్లు కూడా అడగకుండా అన్నిటినీ చెరిపేస్తుందని మనం ఎలా అనుకున్నామో నాకు అర్థం కాదు.

ఐపీకీ సిలువకూ పోలిక అక్కడితో ఆగిపోతుంది, ఆగిపోయే చోటే అసలు విషయం ఉంది. ఐపీలో నష్టపోయేది అప్పిచ్చినవాడు, ఆ నష్టం అతను కోరుకున్నది కాదు. సిలువ దగ్గర నష్టాన్ని కోరి మీద వేసుకున్నవాడు తీర్పు తీర్చవలసిన దేవుడే. ఇక్కడ ఆలోచనాపరులు సహజంగా అడిగే ప్రశ్న ఒకటుంది: దోషిని వదిలి నిర్దోషిని శిక్షిస్తే అది న్యాయమెలా అవుతుంది? మూడో మనిషిని పట్టుకొచ్చి శిక్షించి ఉంటే అది ఘోరమైన అన్యాయమే అయ్యేది. కానీ క్రీస్తు దేవుడికీ మనిషికీ మధ్య ఇరుక్కున్న మూడో మనిషి కాడు. దేవుడు మనుషుల అపరాధాలను వారి మీద మోపక, క్రీస్తునందు తానే లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడని పౌలు కొరింథీయులకు రాశాడు. వాది తానే, న్యాయాధిపతి తానే, చెల్లించినవాడూ తానే. పాపం ఏమంత పెద్దది కాదులే అని కొట్టిపారేయలేదు గనుక అది న్యాయం. చెల్లించలేనివాడి తరఫున తానే చెల్లించాడు గనుక అది కనికరం. రోమా పత్రిక 3వ అధ్యాయంలో దేవుడు తాను నీతిమంతుడై ఉండి, యేసునందు విశ్వాసముంచేవాణ్ణి నీతిమంతునిగా తీరుస్తాడని ఒకే వాక్యంలో చెప్పడానికి ఆధారం ఇదే.

ఇంత వరకూ గుంటూరు లూథరన్లకూ గుణదల మాత కొండకు వెళ్లే కతోలికులకూ తగాదా లేదు. నాలుగు శతాబ్దాలకు పైగా నీతిమంతునిగా తీర్చబడటం అన్న ఈ విషయం మీదనే విడిపోయి ఉన్న రెండు వర్గాలు 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యతను బట్టి కాక కృప వల్లనే దేవుడు మనలను అంగీకరిస్తాడని, ఆ కృప మనలను సత్క్రియలకు సిద్ధపరుస్తుందని అందులో ఒప్పుకున్నాయి. ఇంకా తేలని భేదాలు ఉన్నాయి, వాటి జోలికి ఇక్కడ పోను.

గుడ్ ఫ్రైడే రోజు మధ్యాహ్నం మన ఊళ్లలో ఏ మందిరానికి వెళ్లినా సిలువమీద యేసు పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు జరుగుతాయి. పక్క సిలువ మీది దొంగతో యేసు అన్న రెండో మాట దగ్గరికి వచ్చేసరికి ప్రసంగీకులు గొంతు పెంచుతారు: ‘చూడండి, దొంగకు కూడా పరదైసు దొరికింది!’ నిజమే, దొరికింది. అయితే ఆ దొంగ అంతకు ముందు ఏమన్నాడో లూకా జాగ్రత్తగా రాసి ఉంచాడు. పక్కనున్న రెండో దొంగను గద్దిస్తూ, ‘మనకైతే యిది న్యాయమే, మనము చేసినవాటికి తగిన ఫలము పొందుచున్నాము’ అన్నాడు. తన మీద పడిన తీర్పు సరైనదేనని ఒప్పుకున్నాకే ‘నన్ను జ్ఞాపకము చేసికొనుము’ అని వేడుకున్నాడు. రెండో దొంగ అడిగింది వేరు. ‘నీవు క్రీస్తువు గదా? నిన్ను నీవు రక్షించుకొనుము, మమ్మునుకూడ రక్షించుము’ అన్నాడు. అంటే శిక్ష తప్పించమన్నాడు. అతనికి జవాబే రాలేదు.

మరొక సంగతి కూడా గమనించాలి. పరదైసు వాగ్దానం పొందిన దొంగను యేసు సిలువ మీద నుంచి కిందికి దింపలేదు. ఆ సాయంత్రం సైనికులు వచ్చి అతని కాళ్లు విరగగొట్టారని యోహాను రాశాడు. దేవుడి దగ్గర క్షమాపణ సంపూర్ణంగా దొరికిన మనిషి, తాను చేసిన పనికి ఆనాటి లోకం విధించిన ఫలితాన్ని చివరి దాకా అనుభవించాడు. ఆ రోమా శిక్ష న్యాయమైనదని నేను అనడం లేదు, అంత క్రూరమైన శిక్ష ఎవరికీ తగదు. నేననేది ఒక్కటే: క్షమించబడ్డాను గనుక నన్ను ఏమీ అడగవద్దు అనే హక్కు ఆ దొంగకు రాలేదు, అతనూ అడగలేదు. దావీదు విషయంలోనూ అంతే. ఊరియాను చంపించిన పాపాన్ని ఒప్పుకున్న క్షణంలోనే నాతాను ప్రవక్త క్షమాపణ ప్రకటించాడు, దాని ఫలితాలు మాత్రం దావీదు ఇంటిని చివరిదాకా విడిచిపెట్టలేదు.

ఇదంతా పుస్తకాల్లోని చర్చ కాదు. నేనెరిగిన ఒక సంఘంలో ఒకతను మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డు స్టోరేజీల్లో తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గర ప్రైవేటు చీటీలు కట్టించుకున్నాడు. చీటీ పాట పాడుకున్న వారికి మొదట్లో సక్రమంగానే ఇచ్చాడు. ఒక పండగ ముందు అందరి డబ్బుతో ఊరు విడిచి వెళ్లిపోయాడు. కొంతకాలానికి తిరిగొచ్చి, మారుమనస్సు పొందానని ఆరాధన మధ్యలో సాక్ష్యం చెప్పాడు. సంఘ పెద్దలు అతని మీద చేతులుంచి ప్రార్థించారు. ఆరాధన ముగిశాక ఒక నడివయసు స్త్రీ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె చేతిలో మడతలు పడిన చిన్న చీటీ పుస్తకం, దాని అట్ట నిండా వేళ్లకంటిన కారం ఎర్రటి మరకలు, లోపల నెల నెలా అతను పెట్టిన సంతకాలు. ‘అయ్యగారూ, దేవుడు ఈయన్ని క్షమించాడు, సంతోషం. నేను చీటీ కట్టింది దేవుడికి కాదండీ, ఈయనకి’ అని ఆమె అంది. ఒక పెద్ద వెంటనే, ‘దేవుడే క్షమించాక నువ్వెవరమ్మా? ఏడు డెబ్బదుల మారులు క్షమించమన్నాడు ప్రభువు. పోలీసు స్టేషన్లో ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకో’ అన్నాడు. ఆమె మరి మాట్లాడకుండా పుస్తకం కొంగులో కట్టుకుని వెళ్లిపోయింది.

ఆ పెద్దమనిషి దురుద్దేశంతో ఆ మాట అన్నాడని నేననుకోను. మన సంఘాల్లో దశాబ్దాలుగా వినిపిస్తున్న మాటే ఆయనా అన్నాడు. కానీ వాక్యం ప్రకారం ఆయన తప్పు, ఆమె ఒప్పు.

ఆయన ఉదహరించిన ‘ఏడు డెబ్బదుల మారులు’ మత్తయి సువార్త 18వ అధ్యాయంలోని మాట. అదే అధ్యాయంలో దానికి కొంచెం పైన, సహోదరుడు నీకు తప్పు చేస్తే మొదట నీవు ఒంటరిగా వెళ్లి అతనికి తప్పు తెలియజేయి, వినకపోతే ఇద్దరు ముగ్గురు సాక్షులతో వెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు అని యేసు ఒక పద్ధతి ఏర్పరచాడు. ఆ స్త్రీ చేసింది సరిగ్గా అదే, సంఘానికి చెప్పింది. ఆ పద్ధతిని నెరవేర్చవలసిన సంఘమే దాన్ని దాటేసి నేరుగా క్షమాపణ దగ్గరికి దూకింది. ఇక ఆ మాట తరువాత యేసు చెప్పిన ఉపమానం చూడండి. రాజు ఒక దాసుడికి పదివేల తలాంతులు మాఫీ చేశాడు. ఒక తలాంతు సుమారు ఆరు వేల దేనారాలు, ఒక దేనారం ఒక రోజు కూలి, అంటే ఆరు కోట్ల రోజుల కూలి. రాజు దయ తలిచినప్పుడు ఆ సొమ్మంతా రాజుకు నష్టమే, ఎవరి ఖజానానో చూపించి మాఫీ చేయలేదు. బయటికి వచ్చిన ఆ దాసుడు తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు. ఈ నూరు దేనారాలను మన ప్రసంగాల్లో చిల్లర డబ్బు కింద తీసేస్తారు. తొడిమలు తీసే కూలికి నూరు రోజుల సంపాదన చిల్లర కాదు, యేసు కూడా దాన్ని చిల్లర అనలేదు.

ఈ ఉపమానాన్ని మనం ఆ స్త్రీకి వినిపించాం. కానీ పదివేల తలాంతులు మాఫీ అయ్యాయని అందరి ఎదుట సాక్ష్యం చెప్పినవాడు ఆమె కాదు, అతను. రాజు దగ్గర కనికరం పొంది బయటికి వచ్చి, కూలి చేసుకునేవాళ్ల పట్ల కనికరం చూపనివాడి స్థానంలో నిలబడింది అతనే. ఆమె అతని గొంతు పట్టుకోలేదు, తన పుస్తకం చూపించింది, అంతే.

నిజంగా మారుమనస్సు పొందినవాడు ఎలా ప్రవర్తిస్తాడో తెలుసుకోవాలంటే లూకా సువార్తలోని జక్కయ్యను, పన్నులు వసూలు చేసే ధనవంతుణ్ణి, చూడాలి. యేసు అతని ఇంటికి వెళ్లడానికి ముందు ఏ షరతూ పెట్టలేదు. ఊరంతా సణుగుతున్నా పాపి ఇంట బస చేయడానికి వెళ్లాడు. కృప ముందు వచ్చింది, ఇది మరువకూడదు. ఆ కృప ఇంట్లోకి అడుగుపెట్టగానే జక్కయ్య లేచి నిలబడి, ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా ఎవరి దగ్గర ఏది తీసుకున్నా నాలుగంతలు తిరిగి చెల్లిస్తానని అన్నాడు. మోసంతో తీసుకున్నదాన్ని తానే ఒప్పుకుంటే అసలుకు అయిదో వంతు కలిపి ఇస్తే సరిపోతుందని లేవీయకాండము చెబుతోంది. నాలుగంతలు అన్నది గొర్రెను దొంగిలించి చంపిన, లేదా అమ్మేసిన దొంగ చెల్లించవలసిన లెక్క. జక్కయ్య తనను తాను ఆ దొంగల లెక్కలో వేసుకున్నాడు. అతని నోటి నుంచి ఈ మాట వచ్చిన తరువాతే ‘నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది’ అని యేసు పలికాడు. జక్కయ్య డబ్బుతో రక్షణ కొనుక్కోలేదు. రక్షణ వచ్చిన ఇంట్లో దోచిన సొమ్ము నిలవలేకపోయింది. కతోలిక సంఘం కూడా పాపసంకీర్తనం, అంటే గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడం, విషయంలో ఇదే బోధిస్తుంది: గురువు క్షమాపణ ప్రకటించినంత మాత్రాన పొరుగువాడికి చేసిన హాని తీరిపోదని, దొంగిలించినది తిరిగి ఇవ్వాలని, చెడగొట్టిన పేరును బాగుచేయాలని వారి సత్యోపదేశం స్పష్టంగా చెబుతోంది. ఈ విషయంలో మా లూథరన్లు వారి దగ్గర నేర్చుకోవలసింది ఉంది.

కృప ఉచితం కాబట్టి దానికి ఏ ఫలమూ అక్కర్లేదనుకునే ధోరణిని మా లూథరన్లలోనే ఒకరు తీవ్రంగా ఖండించారు. హిట్లర్‌ను ఎదిరించి 1945 ఏప్రిల్ 9న ఉరికంబం ఎక్కిన జర్మనీ పాస్టరు డీట్రిష్ బోన్‌హోఫర్, పాపిని నీతిమంతునిగా తీర్చడం మాని పాపాన్నే నీతిగా తీర్చడాన్ని చౌకబారు కృప అన్నాడు. మా సంఘానికి పేరిచ్చిన మార్టిన్ లూథర్ 1517లో ప్రకటించిన 95 వాదాల్లో మొట్టమొదటిదే విశ్వాసి జీవితమంతా మారుమనస్సుగా ఉండాలని చెబుతుంది. ఒక ఆదివారం సాక్ష్యంతో మారుమనస్సు పూర్తయినట్టు రాసుకోవడం మా సంఘానికి పునాది వేసినవారికే తెలియని సంగతి.

అలాగని నష్టపోయినవాడు పగ పెంచుకోవచ్చని నేననడం లేదు. పగ మానుకోవడం విశ్వాసి విధి. ఎదుటివాడు క్షమాపణ అడిగినా అడగకపోయినా, మనసులో ద్వేషానికి చోటివ్వకూడదు. పగ తీర్చే పని దేవుడిదని రోమా పత్రిక 12వ అధ్యాయం చివర పౌలు రాశాడు. ఆ వెంటనే 13వ అధ్యాయంలో, కీడు చేసేవాణ్ణి శిక్షించే పనిని దేవుడు అధికారులకు అప్పగించాడని కూడా రాశాడు. నేను పగ తీర్చుకోను అనడం, కోర్టు తన పని చేయాలి అనడం ఒక మనిషి నోట పక్కపక్కనే ఉండదగిన మాటలు.

దీనికి మన దేశంలోనే ఉదాహరణ ఉంది. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో కుష్ఠు రోగుల సేవకుడు గ్రాహం స్టెయిన్స్‌నూ ఆయన ఇద్దరు చిన్న కుమారులనూ జీపులోనే సజీవ దహనం చేశారు. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమిస్తున్నానని ప్రకటించి, ఆ తరువాత కూడా బారిపదలోని కుష్ఠు ఆశ్రమంలో సేవ కొనసాగించారు. ఆమె క్షమించారు గనుక కేసు మూసేయాలని ఎవరూ అనలేదు. విచారణ జరిగింది, ప్రధాన నిందితుడికి పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. 1981 మే 13న తన మీద కాల్పులు జరిపిన మెహమెత్ అలీ అగ్కాను రెండవ జాన్ పాల్ పోపు కొద్ది రోజుల్లోనే క్షమించారు, 1983లో జైలుకు వెళ్లి అతని పక్కన కూర్చుని మాట్లాడారు. అగ్కా 2000 వరకూ ఇటలీ జైలులోనే ఉన్నాడు. వీరిద్దరూ క్షమించింది తమకు జరిగిన గాయాన్ని, తమంతట తాముగా. వారి తరఫున మరొకరు క్షమించలేదు, క్షమించమని వారి మీద ఒత్తిడీ తేలేదు.

ఇక పిల్లల మీద జరిగే లైంగిక అఘాయిత్యాల సంగతి వేరే చెప్పాలి. ‘సంఘం పరువు పోతుంది, ప్రార్థనలో పెట్టుకుందాం’ అని పెద్దలు తలుపులు మూసి మాట్లాడుకునే అలవాటు ఏ వర్గంలో ఉన్నా అది పాపమే కాదు, నేరం కూడా. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అటువంటి విషయం తెలిసినవారు పోలీసులకు తెలియజేసి తీరాలి, దాచిపెట్టడం శిక్షార్హం. అక్కడ రాజీకి తావు లేదు. ఆ పసివాళ్ల తరఫున క్షమించే అధికారం ఏ అయ్యగారికీ, ఏ కమిటీకీ దేవుడు ఇవ్వలేదు.

మీ పాఠకుడు తన లేఖ చివర మరో ప్రశ్న వేశారు. తిరిగి చెల్లించగలిగిన నష్టం సరే, చెల్లించలేనిదాని మాటేమిటి అని. మన ఉమ్మడి గుంటూరు జిల్లావాళ్లం ఈ ప్రశ్న దాటవేయలేం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ గ్రామంలోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. ఆ కుటుంబాల దగ్గరికి వెళ్లి కనికరం గురించి మాట్లాడే సాహసం నాకు లేదు. ఏ కోర్టు ఎంత మంచి తీర్పు ఇచ్చినా చనిపోయినవారిని తిరిగి ఇవ్వలేదన్నది ఉద్యోగంలో నాకు పదే పదే అనుభవమైన సంగతి. అందుకే క్రైస్తవ విశ్వాసం క్షమాపణతో ఆగలేదు, పునరుత్థానాన్నీ కడవరి తీర్పునూ కూడా నమ్మింది. దేవుడు భూమికి తీర్పు తీర్చడానికి వస్తున్నాడని చెప్పే 96వ కీర్తన ముగింపులో భయం లేదు, పొలాలూ అడవిలోని చెట్లూ సంతోషిస్తాయి. న్యాయం అందనివారికి తీర్పు రోజు శుభవార్త. లూకా సువార్త 18వ అధ్యాయంలో యేసు ప్రార్థనకు మాదిరిగా చూపించింది కూడా, ‘నా ప్రతివాదికిని నాకును న్యాయము తీర్చుము’ అని న్యాయాధిపతి గడప అరిగేలా తిరిగిన ఒక విధవరాలినే. న్యాయం అడగడం విశ్వాసం లేకపోవడం కాదు. యేసు దృష్టిలో అదే ప్రార్థన.

చీటీ కట్టిన స్త్రీ విషయానికి వస్తే, సంఘం ఏం చేసి ఉండాలో ఫిలేమోనుకు పౌలు రాసిన చిన్న ఉత్తరంలో ఉంది. యజమాని ఫిలేమోను దగ్గరి నుంచి పారిపోయిన దాసుడు ఒనేసిము విశ్వాసిగా మారాడు. అతన్ని సహోదరుడిగా చేర్చుకోమని కోరుతూ పౌలు, ‘దేవుడే క్షమించాడు, నువ్వెవరివి’ అని యజమాని నోరు మూయించలేదు. అతడు నీకు నష్టమేమైనా కలిగించి ఉంటే, బాకీ ఏమైనా ఉంటే ‘అది నా లెక్కలో చేర్చుము’ అన్నాడు, నేనే తీరుస్తానని తన చేత్తో రాసి ఇచ్చాడు. ఒకడికి కనికరం కావాలని కోరినవాడు దాని ఖర్చును తన మీద వేసుకున్నాడు. సిలువ దగ్గర పౌలు నేర్చుకున్నది అదే.

కాబట్టి గుంటూరు, విజయవాడల్లోని అన్ని వర్గాల సంఘాలకూ నా మనవి ఇది. ఇటువంటి మోసం చేసినవాడు సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడు, ఎవరెవరికి ఎంత ఇవ్వాలో కాగితం మీద రాసి తెమ్మని పెద్దలు అడగాలి, నెలకు కొంతైనా చెల్లించేలా చూడాలి. కేసు వెనక్కి తీసుకొమ్మని నష్టపోయినవారి ఇళ్లకు వెళ్లకూడదు. అతను నిజంగా చెల్లించలేని స్థితిలో ఉండి, అతని మీద సంఘానికి జాలి కలిగితే, ఆ స్త్రీ చీటీ సొమ్మును సంఘ నిధిలోంచి సంఘమే ఇవ్వాలి. పండగకు గోపురానికి దీపాలు, మందిరానికి కొత్త రంగులు ఒక ఏడాది ఆగినా ఫరవాలేదు. ఈ ప్రతిపాదనను మా సంఘ కమిటీకి రాతపూర్వకంగా ఇచ్చాను, వచ్చే సమావేశంలో చర్చకు పెడతామన్నారు. తక్కిన సంఘాలవారు కూడా దీనిపై తమ అభిప్రాయాలను మీ పత్రిక ద్వారా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత న్యాయస్థాన ఉద్యోగి,
గుంటూరు.